ట్రెయిలరుతో తూచిన తీర్పు

2025 డిసెంబరు మాసమున ఫోర్డు కంపెనీ తన ఎఫ్-150 లైట్నింగ్ అను పూర్తి విద్యుత్ పికప్ ట్రక్కు ఉత్పత్తిని విరమించుచున్నామనియు, విద్యుద్వాహన వ్యాపారమును కుదించుకొనుటవలన సుమారు 1,950 కోట్ల డాలర్ల నష్టభారమును లెక్కలలో చూపనున్నామనియు ప్రకటించినది మొదలు, అమెరికాలోనేమి, అమెరికా వార్తలను బట్టి అభిప్రాయములు ఏర్పరచుకొను మన నగరములలోనేమి, ఒక తీర్పు మారుమ్రోగుచున్నది. అంతకు మూడు మాసములకు పూర్వము స్టెల్లాంటిస్ సంస్థ తన పూర్తి విద్యుత్ రామ్ ట్రక్కును విపణికి తేకమునుపే మానుకొనియుండుటచేత ఆ తీర్పునకు రెండవ సాక్ష్యము లభించెను. విద్యుత్ ట్రక్కు విలాసపురుషుల ఆటవస్తువే గాని ఇండ్లు కట్టువాని పనిముట్టు కాజాలదనియు, బరువు లాగలేని బండి కాంట్రాక్టరునకు బండియే కాదనియు ఆ తీర్పు సారాంశము. దీనిని చెప్పువారిలో మోటారు పత్రికల విమర్శకులు కలరు, ట్రక్కుల వ్యాపారులు కలరు, జీవితములో సుత్తి పట్టని రాజకీయ వ్యాఖ్యాతలును కలరు. ఇందరు ఏకకంఠముగా చెప్పుచున్న మాట అసత్యము కానేరదని లోకము నమ్ముట సహజమే.

ఐనను ఈ తీర్పు అన్యాయమైనదనియే నా వాదము. లైట్నింగ్ ఓడిపోలేదని నేననను, ఓడినది. కాని ఎక్కడ ఓడినది, ఎవని చేతిలో ఓడినది అను ప్రశ్నలకు లోకము చెప్పుకొనుచున్న సమాధానము తప్పు. నిర్మాణ వ్యాపారమునకు ఏమి కావలయునో విచారింపక, ఆ వ్యాపారములో కొందరికి మాత్రమే, అదియు కొన్ని దినములలో మాత్రమే కావలసిన ఒక్క పనిని పరీక్షగా నిలిపి, ఆ పరీక్షలో తప్పినదానిని సర్వమునకును తప్పినదిగా ప్రకటించిరి.

పూర్వపక్షమును దాని సంపూర్ణ బలముతో మొదట చెప్పుట న్యాయము. లైట్నింగ్ రకములలో పెద్ద బ్యాటరీ 131 కిలోవాట్-గంటల శక్తిని నిలువచేయును. ఒక గ్యాలను పెట్రోలులో 33.7 కిలోవాట్-గంటల శక్తి యిమిడియున్నదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క; దానిని బట్టి అంత బరువైన బ్యాటరీ మోయునది నాలుగు గ్యాలన్ల పెట్రోలునకైన సరితూగని శక్తి. ఆ కొద్దిపాటి శక్తితోనే ఖాళీ బండి 320 మైళ్లు, అనగా 500 కిలోమీటర్లకు పైగా పోగలుగుటకు కారణము, విద్యుత్ మోటారు తానందుకొన్న శక్తిలో అత్యధిక భాగమును చక్రములకు చేర్చుటయే. పెట్రోలు ఇంజను అందులో అధిక భాగమును వేడిగా గాలిలో కలుపును. కాని వెనుక ఎత్తైన ట్రెయిలరును తగిలించి రాజమార్గముపై వేగముగా పోవునప్పుడు, గాలి అడ్డగింపు వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక, బండి పోవు దూరము సగమునకో, అంతకన్న తక్కువకో పడిపోవును. పెట్రోలు బండి మైలేజియు ఇట్లే పడిపోవును. ఐనను దాని టాంకులో ఇరువది ముప్పది గ్యాలన్లు ఉండుటచేతను, అయిదు నిమిషములలో మరల నింపుకొన వీలగుటచేతను, ఆ లోటు యజమాని కంటబడదు. విద్యుత్ ట్రక్కువాడో, దారిలోని ఛార్జింగు స్థలములు చాలవరకు కార్లకొరకే కొలిచి కట్టినవి గనుక, ట్రెయిలరును విప్పి ఒక ప్రక్కన నిలిపి, బండిని మాత్రమే లోనికి తోలుకొనిపోయి, ముప్పావు గంట నిరీక్షింపవలసివచ్చును. కూలిలెక్క గంటలలో జరుగు వ్యాపారమున ఇది చిన్న బాధ కాదు.

ఈ వాదములో భౌతికశాస్త్రమును గూర్చిన మాటలలో దోషము లేదు. దోషమంతయు, ఆ ట్రెయిలరును ఎవరు లాగుచున్నారు అను ప్రశ్నను వదలివేయుటలో ఉన్నది. నిర్మాణ వ్యాపారమనగా ఒకే వృత్తి కాదు. పునాది త్రవ్వువాడు వేరు, కాంక్రీటు పోయువాడు వేరు, చట్రము నిలుపు వడ్రంగి వేరు. కప్పు వేయువాడు, ఎలక్ట్రీషియను, ప్లంబరు, రంగులవాడు, టైల్స్ పరచువాడు, శీతలయంత్రములు అమర్చువాడు, వీరందరిపై తిరుగు సూపర్‌వైజరు, ఎవరి బండి వారిది, ఎవరి బరువు వారిది. వీరిలో త్రవ్వకపు యంత్రమును ట్రెయిలరుపై ఎక్కించుకొని ఊరూర తిరుగువాడు ఎఫ్-150 తరగతి బండిని, అది పెట్రోలుదైనను, తన ప్రధాన వాహనముగా ఎన్నడును వాడుకొనలేదు. అతడు కొనునది అంతకు పైతరగతియగు సూపర్ డ్యూటీ డీజెలు బండి. 20 వేల పౌనులకు మించిన భారమును లాగుటకే అది పుట్టినది. కాబట్టి లైట్నింగును ట్రెయిలరుతో పరీక్షించి కాంట్రాక్టరుకు పనికిరాదనుట, ఆ కాంట్రాక్టరు తన పెట్రోలు బండికి సైతము ఎన్నడును అప్పగింపని పనిని దీనికి అప్పగించి, ఇది చేయలేదని ఆక్షేపించుట. చిన్న ట్రెయిలరును అప్పుడప్పుడు పది మైళ్ల దూరమునకు లాగుకొనిపోవు వడ్రంగికో, దూరము సగమైనను మిగులు చాలును.

ఇక తక్కిన వృత్తులవారి దినచర్యను లెక్కలోనికి తెత్తము. ఒక ఎలక్ట్రీషియను ఉదయము యార్డునుండి బయలుదేరి, రెండు సైట్లకు, ఒక సామాను దుకాణమునకు పోయి, సాయంకాలమునకు తిరిగివచ్చునప్పటికి 60 మైళ్లు తిరిగెననుకొందము. లైట్నింగ్ నూరు మైళ్లకు సుమారు 48 కిలోవాట్-గంటలు త్రాగును; అరువది మైళ్లకు 29 చాలును. చిన్న బ్యాటరీయే 98 కిలోవాట్-గంటలది. దానిపై ప్రభుత్వము ధ్రువపరచిన దూరము తొలి సంవత్సరములలో 230 మైళ్లు. బరువు వేసినచో ఏమగునని అడుగుదురేమో. అమెరికా ఆటోమొబైల్ సంఘమువారు 2023లో ఇదే ట్రక్కు తొట్టిలో 1,400 పౌనుల ఇసుక మూటలు వేసి చూచిరి. 278 మైళ్లు పోయిన బండి 210 మైళ్లు పోయెను, అనగా తగ్గినది నాలుగవ వంతు. ఈ నాలుగవ వంతును 230 మైళ్లనుండి తీసివేయుడు, 172 మిగులును. దానిపై ఉత్తర రాష్ట్రముల గడ్డు శీతకాలము మరియొక మూడవ వంతును హరించెననుకొనుడు, 115 మిగులును. నిండు బరువుతో, మంచు దినమున, చిన్న బ్యాటరీతో, ఆ ఎలక్ట్రీషియనునకు కావలసినదానికి ఇంచుమించు రెట్టింపు దూరము చేతిలో ఉండగా, దూరము చాలదను ఆక్షేపణకు ఆధారమెక్కడ?

బరువు మోయుటను గూర్చియు ఇట్టి అపోహయే కలదు. చిన్న బ్యాటరీగల లైట్నింగ్ మోయగల గరిష్ఠ భారము 2,235 పౌనులు. అమెరికాలో సిమెంటు బస్తా 94 పౌనులది. ఇద్దరు మనుషుల బరువు పోను 19 బస్తాలు వేసుకొనవచ్చును. ఇంతకు మించిన సిమెంటు, ఇసుక, కలప ఏ కాంట్రాక్టరును తన పికప్పులో తెచ్చుకొనడు. సామాను దుకాణమువాడే పెద్ద లారీలో తెచ్చి దించిపోవును.

ఇంతవరకు లోపములని చెప్పబడినవానిని గూర్చి వాదించితిని. ఆ ట్రెయిలరు పరీక్షలో చోటు దొరకని ఒక గుణమును గూర్చి ఇక చెప్పవలసియున్నది. నిర్మాణ వృత్తికి అన్నింటికన్న దగ్గరిది అదియే. కొత్తగా కట్టు ఇంటికి కరెంటు కనెక్షను చాల తావుల చివరను గాని రాదు. అంతవరకు రంపము తిరుగవలెనన్నను, కంప్రెసరు నడువవలెనన్నను, చీకటిపడిన తరువాత దీపము వెలుగవలెనన్నను జనరేటరే దిక్కు. ఆ జనరేటరును కొనవలెను, మోయవలెను, దొంగలనుండి కాపాడవలెను, దాని రొదను పొరుగువారిచేత భరింపజేయవలెను. రంపము నిమిషమునకొకసారి మాత్రమే కలపను కోసినను, జనరేటరు మాత్రము ఆ నిమిషమంతయు నూనె త్రాగుచునే యుండును. మూసియున్న గదిలో పెట్టినచో అది విడుచు కార్బన్ మోనాక్సైడు మనుష్యుని ప్రాణమునే తీయును. లైట్నింగ్ తొట్టిలోను, ఇంజను లేకపోవుటచే ముందుభాగమున ఖాళీయైన పెట్టెలోను సాకెట్లుండి, తగిన అమరిక కొన్నచో 9.6 కిలోవాట్ల వరకు విద్యుత్తును అందించును. రంపమును, కంప్రెసరును, పరికరముల బ్యాటరీల ఛార్జర్లను ఒకేసారి నడుపుటకు అది చాలును. దినమంతయు సగటున ఒక కిలోవాట్ చొప్పున ఆరు గంటలు వాడినను ఖర్చగునది ఆరు కిలోవాట్-గంటలు, అనగా పదమూడు మైళ్ల ప్రయాణపు శక్తి. పొగ లేదు, రొద లేదు, వాడనప్పుడు ఖర్చు లేదు. కాలిఫోర్నియా రాష్ట్రము 2024 మొదలుకొని చిన్న ఇంజన్లలో అధిక భాగమునకును, 2028 మొదలుకొని పోర్టబుల్ జనరేటర్లకును పొగ విడువరాదని నిబంధన విధించియుండుటచే, అచటి కాంట్రాక్టరులకు ఇది సౌకర్యము మాత్రమే కాదు, రానున్న అవసరము. ముందరి పెట్టెయో, 14 ఘనపుటడుగులు గలిగి, తాళము పడి, వాన తగులనిది. పరికరముల దొంగతనము నిత్యబాధయైన వృత్తిలో దాని విలువను ఏ విలాసపురుషుడును గ్రహింపజాలడు.

అట్లయిన ఇన్ని గుణములుగల బండిని కాంట్రాక్టరులు ఏల ఎగబడి కొనలేదని ప్రతివాదులు అడుగుదురు. సమాధానము ట్రెయిలరు కొక్కెములో లేదు, ధర చీటిలో ఉన్నది. 2021 మే మాసమున ఫోర్డు ఈ బండిని లోకమునకు చూపినప్పుడు, పనివారికొరకు ఉద్దేశించిన ప్రో రకపు ధర 39,974 డాలర్లనెను. సుమారు రెండు లక్షలమంది బయానా కట్టిరి. 2022 ఏప్రిలులో డియర్‌బోర్నులోని రూజ్ కర్మాగారమున ఉత్పత్తి ఆరంభమాయెను; ఆ సంవత్సరము ఆగస్టులో అదే ప్రో రకపు ధర 46,974, అక్టోబరులో 51,974, డిసెంబరులో 55,974, 2023 మార్చిలో 59,974 డాలర్లాయెను. బండి అదే, బ్యాటరీ అదే, తొట్టి అదే. రెండేండ్లు నిండకమునుపే పెరిగిన ధర సరిగా 20,000 డాలర్లు. ముడిసరకుల ధరలు పెరిగినవని కంపెనీవారు చెప్పిన కారణము కల్ల కాదు. పెట్రోలు బండ్ల ధరలును ఆ కాలమున పెరిగినవి, ఐనను ఇంతగా కాదు.

కాంట్రాక్టరు ఈ 20,000 డాలర్లను ఎట్లు చూచును? పైన చెప్పిన అరువది మైళ్ల దినచర్యను సంవత్సరమునకు 250 పనిదినములు సాగించెననుకొందము. గ్యాలనుకు 20 మైళ్లిచ్చు పెట్రోలు బండికి 750 గ్యాలన్లు కావలెను. గ్యాలను 3 డాలర్లయినచో 2,250 డాలర్లు. విద్యుత్ బండికి ఇంచుమించు 7,200 కిలోవాట్-గంటలు. ఒక్కొక్కటి 16 సెంట్లయినచో 1,150 డాలర్లు. మిగులు సంవత్సరమునకు 1,100 డాలర్లు. ఇంజను ఆయిలు మొదలగువాని ఖర్చు తగ్గుటను కూడ కలిపిన మరికొంత. తొలుత చెప్పిన ధరకే అమ్మియున్నచో, ఈ మిగులు మొదటి దినమునుండియే కాంట్రాక్టరు జేబులోనికి చేరియుండెడిది. 20,000 డాలర్లు అదనముగా గుంజినమీదట, ఆ మిగులుతో అసలు రాబట్టుకొనుటకే పదునెనిమిదేండ్లు పట్టును. బండి ఆయుష్షు అంత ఉండునో లేదో. లెక్క తెలిసిన కాంట్రాక్టరు వెనుకకు తగ్గెను. దానిని చూచి, అతడు విద్యుత్తును నిరాకరించెనని వ్యాఖ్యాతలు వ్రాసిరి. అతడు నిరాకరించినది ధరను.

పనివాని బండి విలాసవస్తువుగా మారుటకు మరియొక పాతకారణమును కలదు. 1960ల తొలినాళ్లలో ఐరోపా దేశములు అమెరికా కోళ్లపై సుంకము పెంచగా, దానికి ప్రతీకారముగా అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వము 1964 జనవరి నుండి విదేశపు చిన్న ట్రక్కులపై 25 శాతము సుంకము విధించెను. కోళ్ల తగవు ఎన్నడో ముగిసినను ట్రక్కులపై సుంకము నేటికిని నిలిచియున్నది. ఆ గోడచాటున పెరిగిన అమెరికా పికప్పు, చౌకైన చిన్న బండ్ల పోటీ లేక, ఏటేట పొడవును వెడల్పును హెచ్చించుకొని, తోలు ఆసనములతో, పెద్ద తెరలతో, కుటుంబ వాహనముగా రూపాంతరము చెందెను. విద్యుత్ యుగము వచ్చినప్పుడును కంపెనీలు మొదట ఆ ధనికునివైపే చూచినవి. రివియన్ సంస్థ 2021 సెప్టెంబరులో అందింపసాగిన ట్రక్కు విహారయాత్రలకొరకు పుట్టినది. విద్యుత్ హమ్మరు ట్రక్కు బరువు 9,000 పౌనులు దాటినది. లైట్నింగ్ పైరకములు 90 వేల డాలర్లను మించినవి. ఇట్టివానిని కొనినవాడు కప్పు వేయువాడు కాదు. కొనినవాడు ఆశాభంగము చెంది పత్రికలకు వ్రాసినది సిమెంటును గూర్చి కాదు, సెలవుదినములలో లాగిన పడవను గూర్చి, నివాసపు ట్రెయిలరును గూర్చి. సెలవుదినపు ఫిర్యాదు పనిదినపు తీర్పుగా చెల్లుబాటైనది.

దూరము చాలదను కేక విని జనరల్ మోటార్సువారు చేసిన పనియు ఇట్టిదే. వారి సిల్వరాడో విద్యుత్ ట్రక్కులో సుమారు 205 కిలోవాట్-గంటల బ్యాటరీని అమర్చి, పనివారి రకమునకు 492 మైళ్ల ధ్రువీకృత దూరమును సాధించిరి. ఇంజనీర్ల ప్రజ్ఞకు నమస్కరింపవలసినదే. కాని దినమునకు అరువది మైళ్లు తిరుగువానికి ఎనిమిది దినములకు సరిపడు బ్యాటరీని అమ్ముట, నెలలో ఒకనాడు వచ్చు బంధువులకొరకు ఇంటివానిచేత దినమును నూరుమందికి సరిపడు గుండిగలో వంట చేయించుట వంటిది. బ్యాటరీయే బండి ధరలో పెద్ద పాలు; దానిని రెట్టింపు చేసినచో ధర తగ్గుట కల్ల.

దూరము స్వల్పమైనను ధర కుదిరినచో పనివారు కొందురనుటకు ప్రత్యక్ష నిదర్శనము ఫోర్డు గడపలోనే కలదు. 2022లో వారే విడుదలచేసిన ఈ-ట్రాన్సిట్ అను మూసిన వ్యాను తొలి సంవత్సరములలో పోగలిగిన దూరము 126 మైళ్లు మాత్రమే. పడవలవారు దానివైపు చూడలేదు. ఐనను పోస్టువారు, ప్లంబరులు, మరమ్మతు సంస్థలవారు దానిని వేలకొలదిగా కొనిరి. కారణము స్పష్టము. వారు తమ దినపు దూరమును ముందే ఎరుగుదురు, రాత్రి బండి యార్డులోనే నిలుచును, ధర వారి లెక్కకు లొంగినది.

ఎదుటిపక్షమున నిలుచు సత్యములను దాచుట వాదమునకు శోభ కాదు. కార్మికుడు కంపెనీ బండిని ఇంటికి తీసుకొనిపోవు అలవాటుగల చోట, అతడు అపార్టుమెంటులో నివసించుచున్నచో, రాత్రి ఛార్జింగు దుర్లభము. టెక్సాసు పడమటి మైదానములవంటి చోట్ల దినమునకు రెండు వందల మైళ్లు తిరుగువానికి ఈ బండి నేడు తగదు. పగలు పనిచేసి రాత్రి మంచు త్రోయు కాంట్రాక్టరులకును తగదు. యార్డులో పది బండ్లకు ఛార్జర్లు పెట్టవలెనన్నచో, కరెంటు కంపెనీ కొత్త ట్రాన్స్‌ఫార్మరు నిలుపువరకు నెలలతరబడి వేచియుండవలసివచ్చును. వ్యాపార వాహనములకు 7,500 డాలర్ల వరకు లభించుచుండిన కేంద్ర పన్ను రాయితీయు 2025 సెప్టెంబరు 30తో ముగిసినది. ఇవి నిజమైన అడ్డంకులు. వీనిలో కొన్నింటికి, బ్యాటరీతోపాటు చిన్న పెట్రోలు జనరేటరును బండిలోనే అమర్చు పద్ధతి తగిన పరిహారమగును. ఫోర్డును రామ్‌ను నేడు పట్టిన దారి అదియే. దూరమునకు బరువు లాగువానికి అది మంచిదే. కాని దానిని దూరము లాగని వడ్రంగికిని అంటగట్టినచో, ఇంజను ఖర్చును బ్యాటరీ ఖర్చును రెండును అతని నెత్తిన పడును.

అమ్మకములే తుది తీర్పు కాదా అని మరియొక ప్రశ్న. 2024లో లైట్నింగులు 33,510 అమ్ముడుపోయినవి. అదే సంవత్సరము ఎఫ్ తరగతి ట్రక్కులన్నియు ఏడు లక్షలు దాటినవి. అంతరము పెద్దదే. ఐతే విపణి తీర్పు చెప్పినది తన యెదుట పెట్టబడిన సరకుపైనే గాని, పెట్టబడని సరకుపై కాదు. చిన్నది, చౌకయైనది యెదుట పెట్టినప్పుడు అదే విపణి ఏమన్నదో చూడుడు. ఫోర్డువారే 2021లో మావెరిక్ అను చిన్న పికప్పును, విద్యుత్తు తోడుగా గల హైబ్రిడు ఇంజనుతో, 19,995 డాలర్లకు ప్రకటించినప్పుడు, గిరాకీకి తట్టుకొనలేక ఆర్డర్ల పుస్తకమును మూయవలసివచ్చెను. ఆ పాఠము వారికిని బోధపడినట్లే యున్నది. 2025 ఆగస్టులో, సుమారు 30,000 డాలర్ల ధరకు మధ్యతరగతి పరిమాణముగల విద్యుత్ పికప్పును 2027లో లూయీవిల్ కర్మాగారమునుండి తెత్తుమని ప్రకటించిరి. పెద్ద విద్యుత్ ట్రక్కును విడిచిన కంపెనీయే చిన్నదానిపై పెట్టుబడి పెట్టుచుండగా, విద్యుత్తే ఓడినదని చాటుట ఎంతవరకు సమంజసము?

ఈ అమెరికా తగవు మనకేల అని తెలుగు పాఠకుడు అడుగవచ్చును. అచట పుట్టిన తీర్పు ఇచటి దుకాణములలోను వినిపించుచుండుటయే కారణము. హైదరాబాదులో పగటివేళ భారీ లారీలకు ఆంక్షలుండుటచే, రాణీగంజిలోని హార్డ్‌వేర్ కొట్టునుండి కొంపల్లి సైటుకు పైపులు, కుళాయిలు, పెయింటు డబ్బాలు చేర్చునది ట్రాలీ ఆటోయో, టాటా ఏస్ బండియో. పోవు దూరము పదిహేను ఇరువది కిలోమీటర్లు దాటదు. వేగము, ట్రాఫిక్కు పుణ్యమా అని, గంటకు ముప్పదికి మించదు. 2025 జూనులో టాటావారు విడుదలచేసిన ఏస్ ప్రో బండి పెట్రోలు రకము 3.99 లక్షల రూపాయలనుండియు, 14.4 కిలోవాట్-గంటల బ్యాటరీతో 750 కిలోలు మోయు విద్యుత్ రకము 6.50 లక్షలనుండియు మొదలాయెను. అంతరము 2.51 లక్షలు. దినమునకు 60 కిలోమీటర్లు తిరుగు బండి లీటరుకు 20 కిలోమీటర్లిచ్చి, లీటరు 107 రూపాయలైనచో పెట్రోలు ఖర్చు 321 రూపాయలు. అదే దూరమునకు 8 యూనిట్లు పట్టి, యూనిట్ 10 రూపాయలైనచో కరెంటు ఖర్చు 80. ఏటికి 300 దినములు నడిపిన మిగులు 72 వేలు దాటును. అంతరము మూడున్నర ఏండ్లలో తీరును. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో, 2026 డిసెంబరు వరకు చెల్లునట్లుగా, విద్యుత్తుతో నడుచు తేలికపాటి సరకు బండ్లకును రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించుటచే ఆ గడువు ఇంకను తగ్గును. అమెరికాలో పదునెనిమిదేండ్లు, ఇచట మూడున్నర ఏండ్లు. మోటారు సూత్రము రెండు చోట్లను ఒకటే, మారినది బండి పరిమాణము, ధర. ముప్పావు టన్ను బండిపై టన్నున్నర ఎక్కించు మన అలవాటు మాత్రము ఈ లెక్కను తారుమారు చేయును. అట్లెక్కించువాడు పెద్ద బండి కొనవలసినదే గాని బ్యాటరీని నిందింపరాదు.

కాబట్టి లైట్నింగ్ ఓటమినుండి నేర్వవలసిన పాఠము ఒక్కటే కలదు. పనిముట్టు యోగ్యతను నిర్ణయింపవలసినది దానిని వాడువాని దినచర్య, దాని ధర. ఆ రెంటిని విచారింపక చెప్పిన తీర్పునకు, అది ఎందరి నోట వినబడినను, విలువ లేదు. అమెరికాలోని కప్పు వేయువాడైనను, మియాపూరులోని టైల్స్ కాంట్రాక్టరైనను, బండి కొనుటకు ముందు ఒక మాసముపాటు తాను తిరిగిన దూరము, వేసిన బరువు, సైటులో వాడిన కరెంటు, రాత్రి బండి నిలిచిన చోటు ఒక నోటుపుస్తకమున వ్రాసుకొనును గాక. ఆ పుస్తకము వద్దన్నచో విద్యుత్ బండిని నిస్సంకోచముగా వద్దనవచ్చును. ఎన్నడును తాను లాగబోని పడవను మరియొకడు లాగి ఓడిపోయెనని విని మాత్రము, తన లెక్కకు సరిపడు బండిని ఏ కాంట్రాక్టరును వదలుకొనవలదు.